దారి హక్కు: రైలు దిగిన చోటు నుంచి ఇంటి గడప దాకా

హౌరా–చెన్నై రైలు మార్గంలో విశాఖపట్నం, విజయనగరం దాటి ఉత్తరంగా సాగే ప్రయాణికులకు ‘శ్రీకాకుళం రోడ్డు’ అనే స్టేషను తగులుతుంది. పేరు శ్రీకాకుళానిది, ఊరు ఆమదాలవలస. 1890వ దశకంలో బెజవాడ నుంచి కటకం దాకా తూర్పు తీర రైలు మార్గం వేసినప్పుడు పట్టాలు శ్రీకాకుళం పట్టణాన్ని తాకకుండా దూరంగా సాగిపోయాయి. నేటికీ జిల్లా కేంద్రానికి రైలు లేదు. అక్కడికి రైల్లో రాదలచినవారు ఆమదాలవలసలో దిగి, మరో 12 కిలోమీటర్లు బస్సులోనో ఆటోలోనో పోవలసిందే. స్టేషను పేరు చివర ‘రోడ్డు’ అనే మాట ఉందంటే, అసలు ఊరు ఇంకా దూరంగా ఉందనీ, అక్కడికి పోయే దారి ఇక్కడ మొదలవుతుందనీ పాతకాలపు రైల్వే వారి సంకేతం.

పగటి పూట ఈ 12 కిలోమీటర్లు ఎవరికీ పెద్ద విషయం కాదు. చీకటి పడిన తరువాత ఆ దారి స్త్రీకి ఒక విధంగా, పురుషునికి మరో విధంగా కనిపిస్తుంది. రైలు రెండు గంటలు ఆలస్యమైతే పురుషుడు విసుక్కుంటాడు. స్త్రీ లెక్కలు వేసుకుంటుంది: దిగేసరికి చివరి బస్సు ఉంటుందా, లేకుంటే ఆటోలో ఇంకెవరైనా ఆడవారు ఎక్కుతారా, ఇంటి నుంచి ఎవరినైనా రమ్మనాలా, లేక తెల్లవారేదాకా ప్లాట్‌ఫారం మీదే కూర్చోవాలా? ఉత్తరాంధ్ర వలసలకు పెట్టింది పేరు. హైదరాబాదుకో, చెన్నైకో భవన నిర్మాణపు పనులకు వెళ్ళి, పండుగకు పిల్లలతో తిరిగి వచ్చే తల్లులకు ఈ లెక్కలు కొత్తవి కావు. శ్రీకాకుళం మహిళా డిగ్రీ కళాశాలకో, ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయానికో రోజూ పోయి వచ్చే అమ్మాయిలకూ కొత్తవి కావు. చలికాలంలో సాయంత్రం అయిదున్నరకే చీకటి పడే ప్రాంతమిది.

నగరాలను స్త్రీలకు సురక్షితంగా తీర్చిదిద్దడం అనగానే మన ఆలోచన ఢిల్లీకి, ముంబయికి, హైదరాబాదుకు పోతుంది. నిర్భయ నిధితో కేంద్ర ప్రభుత్వం చేపట్టిన ‘సేఫ్ సిటీ’ ప్రాజెక్టుకు ఎంపికైనవి కూడా 8 మహానగరాలే. ఆమదాలవలస వంటి చిన్న పట్టణాలు ఆ జాబితాల్లో కనిపించవు. చదువు కోసం, ఉద్యోగం కోసం ఆడపిల్ల తొలిసారి గడప దాటి నడిచే దారులు మాత్రం ఎక్కువగా ఇలాంటి ఊళ్ళవే.

భయానికి మన కుటుంబాలు కనిపెట్టిన విరుగుడు ఒకటే: ఆడపిల్లను ఆపడం. దూరపు కళాశాల వద్దు, సాయంత్రపు ట్యూషను వద్దు, ల్యాబు ఆలస్యమయ్యే కోర్సు వద్దు. ఇవేవీ ఏ పోలీసు రికార్డుకూ ఎక్కవు. నేరం జరగలేదు కనుక ఊరు సురక్షితంగా ఉన్నట్లే లెక్క. ఢిల్లీ విశ్వవిద్యాలయపు విద్యార్థుల ఎంపికలను పరిశీలించిన ఆర్థికవేత్త గిరిజా బోర్కర్, మార్కులు ఉండి కూడా అమ్మాయిలు దారి భద్రంగా ఉంటుందని తక్కువ స్థాయి కళాశాలను ఎంచుకుంటున్నారని తేల్చారు. అదే మార్కులు వచ్చిన అబ్బాయిలు అలా చేయడం లేదు. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్ళు ఇచ్చినప్పుడు ఉన్నత పాఠశాలల్లో వారి చేరికలు 30 శాతానికి పైగా పెరిగాయని మరో అధ్యయనం నిరూపించింది. బడి మారలేదు, పంతులు మారలేదు. బడికి పోయే తీరు మారిందంతే.

విద్యను ఆర్జించడం విశ్వాసులైన స్త్రీ పురుషులిద్దరి బాధ్యత అని మన వేదికల మీద తరచు వింటాం. ఆ విద్యకు చేర్చే దారి గురించి మాత్రం అదే వేదికల మీద అరుదుగా వింటాం.

2019 నవంబరు 27న శంషాబాద్ సమీపాన తొండుపల్లి టోల్‌ప్లాజా వద్ద జరిగిన ఘోరాన్ని తెలుగు ప్రజలెవరూ మరచిపోలేదు. ద్విచక్ర వాహనాన్ని అక్కడ నిలిపి పని మీద నగరంలోకి వెళ్ళిన యువ పశువైద్యురాలు రాత్రి తిరిగి వచ్చి, మరి ఇల్లు చేరలేదు. దేశం అట్టుడికిపోయింది. ఉరి గురించి, ఎన్‌కౌంటర్ గురించి నెలల తరబడి వాదోపవాదాలు నడిచాయి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ అదే డిసెంబరులో దిశ బిల్లును ఆమోదించింది, 2020 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో తొలి దిశ పోలీసు స్టేషను వెలిసింది, దిశ యాప్ వచ్చింది, 2025లో శక్తి యాప్ వచ్చింది. ఆపదలో మీట నొక్కితే పోలీసులు రావడం మేలైన ఏర్పాటే, కాదనలేము. అయితే ఆ మీట నొక్కవలసిన క్షణం దాకా ఆమెను తీసుకువచ్చిన దారి సంగతేమిటి? బాహ్యవలయ రహదారి పక్కన వాహనం నిలుపుకోవడానికి కాపలా ఉన్న చోటు ఉందా, లారీలు రాత్రంతా ఎక్కడ ఆగాలి, సర్వీసు రోడ్డులో వెలుతురు ఎంత అన్న ప్రశ్నలు ఆ గొడవలో సన్నగానే వినిపించాయి. శిక్ష గురించి గొంతెత్తడం సులభం, దీపస్తంభం గురించి గొంతెత్తినవారిని ఎవరూ భుజాన మోయరు.

దారిని ఎవరు చూసుకోవాలన్న విషయంలో మన రాజ్యాంగంలో సందిగ్ధత లేదు. 1992 నాటి 74వ సవరణతో చేరిన పన్నెండవ షెడ్యూలు పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 అంశాలను పేర్కొన్నది. పట్టణ ప్రణాళిక అందులో మొదటిది. వీధి దీపాలు, వాహనాలు నిలిపే స్థలాలు, బస్ స్టాపులు, మరుగుదొడ్లు మొదలైన ప్రజా సౌకర్యాలన్నీ కలిపి 17వ అంశం. స్త్రీల భద్రతకు కావలసిన సామగ్రి దాదాపు అంతా ఆ ఒక్క పంక్తిలోనే ఉంది. కానీ మన కార్యాలయాల్లో స్త్రీల భద్రత అంటే పోలీసు శాఖ, వీధి దీపం అంటే ఇంజినీరింగు శాఖ. ఈ రెండు ఫైళ్ళూ ఒక బల్ల మీదికి రావు.

వెలుతురు సంగతి కొంచెం వివరంగా చూద్దాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని ఊడ్చివేసిన తరువాత, కొద్ది నెలల్లోనే ఆ నగరంలో సుమారు 90 వేల వీధి దీపాలను ఎల్‌ఈడీ దీపాలుగా మార్చారు. పునర్నిర్మాణంలో అది మెచ్చుకోదగిన ఘట్టం, తరువాత అనేక పట్టణాలకు దారి చూపింది కూడా. అయితే మన ఊళ్ళలో దీపస్తంభం చూసేది రోడ్డు మధ్యభాగాన్నే. బండి నడిపేవాడికి గోతి కనబడాలి, అదే దాని ధ్యేయం. నడిచే మనిషి పోయే అంచు చెట్టు నీడలోనో, నిలిపి ఉంచిన లారీ నీడలోనో ఉండిపోతుంది. బల్బు మార్చితే కరెంటు బిల్లు తగ్గుతుంది, స్తంభం చోటు మార్చితేనే నడిచేవారి భయం తగ్గుతుంది. వెలుతురు వల్ల నిజంగా నేరాలు తగ్గుతాయా అనే సందేహం ఉన్నవారి కోసం ఒక్క లెక్క చాలు. న్యూయార్క్ నగరంలో 2016లో ప్రభుత్వ గృహ సముదాయాలలో కొన్నిటిని చీటీలు తీసినట్లు ఎంపిక చేసి అదనపు దీపాలు పెట్టి పరీక్షించారు. అక్కడ రాత్రివేళ ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు 36 శాతం దాకా తగ్గాయి.

దీపం ఒక్కటే చాలదు. దీపం కింద మనుషులుండాలి. ఈ మాటను సిద్ధాంతంగా నిలబెట్టినది జేన్ జేకబ్స్ అనే అమెరికా రచయిత్రి. 1961లో వెలువడిన ఆమె గ్రంథం పట్టణ ప్రణాళికా శాస్త్రాన్నే కుదిపింది. వీధిని కాపాడేది ఆ వీధి వైపు తెరుచుకున్న కిటికీలు, దుకాణాలు, అరుగుల మీద కూర్చున్న మనుషుల కళ్ళే అని ఆమె వాదం. మన పాత వీధుల అరుగుల సంగతి తెలిసినవారికి ఇది వింత విషయం కాదు. నేడు ఎత్తైన ప్రహరీల వెనుక ఇళ్ళు కట్టుకుంటున్నాం. దొంగల భయంతో కట్టిన ఆ గోడే వీధిని అనాథను చేస్తున్నది. ఆమదాలవలస సహకార చక్కెర కర్మాగారం మూతబడి రెండు దశాబ్దాలు దాటింది. రైతులకూ కార్మికులకూ కలిగిన నష్టం గురించి చాలామంది రాశారు. దాని వెంట జరిగే మరో నష్టం ఎవరి దృష్టికీ రాదు. కర్మాగారం నడిచే ఊళ్ళో షిఫ్టు మారే వేళ రాత్రి పూట కూడా టీ కొట్టు తెరిచి ఉంటుంది, సైకిళ్ళు తిరుగుతాయి, నలుగురు కనిపిస్తారు. అది మూతబడితే ఆ కళ్ళన్నీ మూతబడతాయి.

అందుకే ఫుట్‌పాత్ ఆక్రమణ పేరుతో బడ్డీ కొట్లను, తోపుడు బండ్లను ఒక్క దెబ్బన తొలగించే అలవాటు మీద నాకు అనుమానం. పల్లీలు అమ్మే అవ్వ, పూలమ్మే తల్లి ఉన్న మలుపు దగ్గర ఏ అమ్మాయీ వేగంగా అడుగులు వేయదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదు, వారిలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. నడకదారిని వదిలి, దీపం కింద వారికి చోటు చూపించడం ఆ కమిటీ పని. అప్పుడు వారి పొట్టా నిండుతుంది, దారికి కాపలా కూడా దొరుకుతుంది.

ఇక్కడ మన ధార్మిక వారసత్వంలోని కొన్ని విషయాలు గుర్తుచేసుకోవడం అవసరం. దారుల మీద కూర్చోవద్దని దైవప్రవక్త ముహమ్మద్ (స) తన అనుచరులను వారించగా, మాట్లాడుకోవడానికి మాకు మరో చోటు లేదని వారు విన్నవించుకున్నారు. అలాగైతే దారికి దాని హక్కును చెల్లించమని ఆయన ఆదేశించారు. చూపులు దించుకోవడం, ఎవరినీ బాధించకపోవడం, సలాముకు బదులివ్వడం, మంచిని చెప్పి చెడును ఆపడం ఆ హక్కులో భాగాలని అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతున్నది. దారికి హక్కు ఉంటుందన్న భావనే ఎంత గొప్పది! దారిలో కూర్చున్నవాడి మీద పడిన మొదటి బాధ్యత చూపు గురించినది కావడం మరీ ఆలోచించదగినది. దివ్య ఖుర్ఆన్‌లోని అన్నూర్ సూరాలో కూడా చూపును అదుపులో ఉంచుకోమన్న ఆజ్ఞ ముందు విశ్వాసులైన పురుషులకు వచ్చింది, ఆ తరువాతే స్త్రీలకు వచ్చింది. ఆడపిల్ల దుస్తుల గురించి గంటసేపు ఉపదేశించి, స్టేషను ఎదుట వరుసగా బైకుల మీద కూర్చునే కుర్రవాళ్ళ గురించి ఒక్క మాటా అనని పెద్దలు ఈ వరుసక్రమాన్ని మళ్ళీ ఒకసారి చూడాలి.

దారి కొలత విషయంలోనూ మనకు స్పష్టమైన మార్గదర్శనం ఉంది. దారి వెడల్పు గురించి తగవు వస్తే ఏడు మూరలు విడిచిపెట్టాలని ప్రవక్త (స) తీర్పు. అంటే ఇంచుమించు పదిన్నర అడుగులు. తరువాత హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో హిజ్రీ 17లో కూఫా నగరాన్ని కొత్తగా నిర్మించినప్పుడు పెద్ద వీధులు 40 మూరలు, తరువాతివి 30, 20 మూరలు ఉండాలనీ, సందు ఏడు మూరలకు తగ్గరాదనీ నిర్దేశించారని చరిత్రకారుడు తబరీ నమోదు చేశారు. నేటి మన కాలనీల్లో రెండు ప్రహరీల నడుమ మనిషి ఒత్తిగిలి పోవలసిన సందులు ఎన్నో! ఎదురుగా ఎవరైనా వస్తే తప్పుకోవడానికి చోటు లేని సందులో అడుగు పెట్టాలంటే ఏ స్త్రీకైనా గుండె దడదడలాడుతుంది.

మరో ఉదాహరణ నాకు ఇంకా ఇష్టం. మస్జిదె నబవీలో నమాజు ముగిసిన తరువాత ప్రవక్త (స) వెంటనే లేవకుండా కొంతసేపు కూర్చునే ఉండేవారనీ, స్త్రీలు ముందుగా బయటికి వెళ్ళిపోవడానికి వీలుగా ఆయన అలా చేసేవారనీ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖనాన్ని బట్టి తెలుస్తున్నది. ఒక ద్వారాన్ని స్త్రీలకు విడిచిపెడితే బాగుంటుందని కూడా ఆయన సూచించారు. ‘బాబున్నిసా’ అనే పేరుతో ఆ ద్వారం నేటికీ మదీనాలో ఉంది. స్త్రీలను రావద్దనలేదు. వారు తోపులాట లేకుండా వచ్చి వెళ్ళేందుకు సమయాన్నీ ద్వారాన్నీ సర్దారు. పట్టణ ప్రణాళిక అనేది సరిగ్గా ఇదే. రైలు వచ్చిన వేళ జనమంతా ఒకేసారి ఎక్కే కాలివంతెన మీద, ఒకే తలుపున్న బస్సులో, ఒకే వరుస ఉన్న టికెట్ కిటికీ వద్ద ఇలాంటి సర్దుబాటుకు ఎంత ఖర్చవుతుంది?

హాతిమ్ కుమారుడు అదీ (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసు కూడా ఇక్కడ ప్రస్తావించాలి. దారిదోపిడీల గురించి ఒక వ్యక్తి మొరపెట్టుకున్న సందర్భంలో, అదీ ఆయుష్షు పొడిగితే హీరా పట్టణం నుంచి ఒక స్త్రీ అల్లాహ్‌కు తప్ప మరెవరికీ భయపడకుండా కాబాను దర్శించేందుకు రావడం చూస్తాడని ప్రవక్త (స) చెప్పారు. మరి తయ్ తెగ బందిపోట్లు ఏమైపోతారని అదీ తన మనసులో అనుకున్నారు. తరువాత దానిని తన కళ్ళారా చూశానని ఆయనే సాక్ష్యమిచ్చారు. మహ్రమ్ తోడు గురించిన ధర్మశాస్త్ర చర్చ వేరు, దానిని నేనిక్కడ ఎత్తుకోవడం లేదు. ఒక రాజ్యంలో శాంతి నెలకొన్నదనడానికి ఎన్నుకున్న కొలబద్దను గమనించమనే నా మనవి. కోటలు, సైన్యాలు, ఖజానాలు కావు, దారి మీద నిర్భయంగా పోతున్న ఒక స్త్రీ.

మళ్ళీ మన జిల్లాకు వద్దాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ తదితర ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ప్రయాణం ఉచితమైంది. తెలంగాణలో ఇది 2023 డిసెంబరులోనే మొదలైంది. చార్జీ భారం పోయింది, మంచిదే. కానీ చార్జీ లేని బస్సు రాత్రి ఎనిమిదిన్నరకు రాకపోతే దానివల్ల ప్రయోజనమేమిటి? రైళ్ళ రాకపోకల పట్టికనూ, స్టేషను నుంచి శ్రీకాకుళం కాంప్లెక్సుకు పోయే బస్సుల పట్టికనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ ఖాళీ ఉందో పదో తరగతి పిల్ల కూడా చెప్పగలదు. కెనడాలోని మాంట్రియల్ నగరంలో 1996 నుంచి ఒక నియమం ఉంది: రాత్రి వేళ స్త్రీ కోరితే స్టాపు కాని చోట కూడా, ఆమె ఇంటికి దగ్గరగా, బస్సు ఆపాలి. దీనికి ఒక్క రూపాయి బడ్జెట్టు అక్కరలేదు, డిపో నోటీసు బోర్డు మీద ఒక కాగితం చాలు.

మరుగుదొడ్ల గురించి రాయడానికి మొహమాటపడే కాలం పోయింది. ప్రయాణంలో ఉన్న స్త్రీ ఉదయం నుంచి నీళ్ళు తాగకుండా ఉండటానికి కారణం ఏమిటో ప్రతి ఇల్లాలికీ తెలుసు. మరుగుదొడ్డి కట్టడం ఒక ఎత్తు. అది ఎక్కడ ఉంది, దాని ద్వారం ఎటు తిరిగి ఉంది, తాళం చెవి ఎవరి దగ్గర ఉంది అన్నవి మరో ఎత్తు. భవనం వెనుక, చీకటి మూలన, మగవారి మరుగుదొడ్డిని దాటి పోవలసిన చోట కట్టినది కాగితం మీద మాత్రమే ఉన్నట్లు లెక్క.

పిల్లల మాట కూడా ఒకటి. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1990ల చివర అధికారులు ఉద్యానవనాలను గమనించగా, తొమ్మిదేళ్ళు దాటిన ఆడపిల్లలు అక్కడ కనిపించడం మానేస్తున్నారని తేలింది. మైదానం ఒక్కటే ఉంటే దాన్ని మగపిల్లలు బంతాటతో ఆక్రమించుకుంటున్నారు. స్థలాన్ని చిన్న చిన్న భాగాలుగా విడదీసి, దారులు పెంచి, వేర్వేరు ఆటలకు చోటు కల్పించగానే ఆడపిల్లలు తిరిగి వచ్చారు. మన ఊళ్ళలో పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్ల ఆడుకోవడం మీరు ఎన్నడు చూశారో ఒకసారి గుర్తుచేసుకోండి.

ఇవన్నీ ఎవరు అడగాలి? కెనడాలోనే టొరంటో స్త్రీలు 1989లో ఒక పద్ధతిని రూపొందించారు. నలుగురైదుగురు స్త్రీలు కలిసి చీకటి పడ్డాక తమ వీధుల్లో నడిచి, ఎక్కడ భయం వేసిందో, ఎందుకు వేసిందో రాసుకుని నగరపాలక సంస్థకు ఇచ్చే పద్ధతి అది. ఢిల్లీలో జాగోరి సంస్థ దానిని అందిపుచ్చుకున్నది. 2013లో కల్పనా విశ్వనాథ్, ఆశీష్ బసు ప్రారంభించిన సేఫ్టీపిన్ దానిని సెల్‌ఫోనులోకి తెచ్చింది. వెలుతురు ఎంత, చూపు ఎంత దూరం ఆనుతుంది, చుట్టూ మనుషులున్నారా, వారిలో స్త్రీలు ఎందరు, నడవడానికి బాట ఉందా, బస్సు ఎంత దూరంలో ఉంది వంటి తొమ్మిది అంశాలకు మార్కులు వేస్తారు. ఆ విధంగా ఢిల్లీలో ఏడు వేలకు పైగా చీకటి చోట్లు బయటపడ్డాయి, వాటిలో అధిక భాగం వెలుగు చూశాయి కూడా.

ఆమదాలవలసలో దీనికి యాప్ కూడా అక్కరలేదు. నోటుపుస్తకం, పెన్ను చాలు. మెప్మా పొదుపు సంఘాల అక్కాచెల్లెళ్ళకు వారం వారం కలిసి కూర్చుని లెక్క రాసే అలవాటు ఎలాగూ ఉంది. ఇషా నమాజు వేళకు కొంచెం ముందు, స్టేషను గేటు నుంచి బస్సు ఆగే చోటు దాకా ఒకసారి, అక్కడి నుంచి ఎవరి వీధికి వారు ఒకసారి నడిస్తే ఒక్క సాయంత్రంలో పని ముగుస్తుంది. స్తంభం మీది నంబరు రాసుకోవాలి. ‘మా వీధి చీకటిగా ఉంది’ అన్న అర్జీని పక్కన పెట్టడం సులభం, ‘ఫలానా నంబరు స్తంభానికి దీపం లేదు’ అన్న అర్జీని పక్కన పెట్టడం కష్టం. తోడుగా అన్నదమ్ములో, భర్తలో రాదలిస్తే రానివ్వండి, కానీ పుస్తకం స్త్రీల చేతిలోనే ఉండాలి. ఎక్కడ అడుగు వేగం పెరిగిందో వారికే తెలుస్తుంది.

2019 అక్టోబరు నుంచి మన రాష్ట్రంలో వార్డు సచివాలయాలు ఉన్నాయి. అక్కడ దీపాల పని చూసే సౌకర్యాల కార్యదర్శి ఉంటారు, భవన నిర్మాణాలను చూసే ప్రణాళికా కార్యదర్శి ఉంటారు, మహిళా పోలీసు ఉంటారు. ముగ్గురికీ ఒకే కాగితం మూడు ప్రతులు చేసి ఇచ్చి, మూడింటి మీదా రసీదు తీసుకోండి. అన్నట్టు, పట్టణాభివృద్ధి సంస్థలు మాస్టర్ ప్లాన్ ముసాయిదాను ప్రకటించినప్పుడు ప్రజల నుంచి అభ్యంతరాలు, సూచనలు కోరడం చట్టబద్ధమైన ఆనవాయితీ. ఆ గడువులో వచ్చే కాగితాల్లో ఎక్కువ భాగం తమ స్థలం మీదుగా రోడ్డు పోకూడదన్న మొరలే. శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థ ఈసారి అలాంటి ప్రకటన చేసినప్పుడు, స్టేషను నుంచి వెళ్ళే దారికి ఇరువైపులా దీపాలతో కూడిన కాలిబాట గీయమని ఆమదాలవలస స్త్రీల నోటుపుస్తకంలోని ఒక పేజీ ఆ కట్టలో ఉండవచ్చు.